తాతగారి కత్తి పలికే సాక్ష్యము



మన సంఘములలోని కొన్ని ఇండ్లలో ట్రంకు పెట్టె అడుగున, పాత గుడ్డలో చుట్టిన మిలిటరీ కత్తి ఒకటి ఉంటుంది. తాతగారో, ముత్తాతగారో రెండవ ప్రపంచ యుద్ధమునకు (1939–45) వెళ్ళి తెచ్చినదని చెబుతారు. తెచ్చినవారు ప్రభువునందు నిద్రించారు. అది ఏ కత్తో, ఆయన ఎక్కడ ఏ పని చేశారో చెప్పేవారు లేరు. పిల్లలు అడిగితే పెద్దలు తోచినది చెబుతారు. మరుసటి తరమునకు గోరంత కొండంత అవుతుంది.

సమూయేలు మొదటి గ్రంథము 21వ అధ్యాయము చూడండి. దావీదు ఆయుధమడిగినప్పుడు యాజకుడైన అహీమెలెకు గొల్యాతు ఖడ్గమును గూర్చి చెప్పాడు. అది ఎవరిది, ఆ మనిషి ఏ లోయలో ఎవరి చేత కూలాడు, ఇప్పుడది ఎక్కడ చుట్టిపెట్టి ఉంది, అంతే. ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు. మన ఇంటి కత్తిని గూర్చి మనము అలా చెప్పగలమా?

మొదట చేయకూడని పని చెబుతాము. కత్తిని ఇటుక పొడితోను, చింతపండుతోను తోమవద్దు. సాన పట్టించవద్దు. ముద్రలు అరిగిపోతే సాక్ష్యము పోయినట్లే. పొడి గుడ్డతో తుడిచి, రెండు చుక్కలు కుట్టుమిషను నూనె రాయండి. తోలు ఒర చెమ్మ పట్టి తుప్పు తెస్తుంది గనుక కత్తిని వేరుగా ఉంచండి. ముద్ర ఉన్నచోట పలుచని కాగితము వేసి పెన్సిలుతో మెల్లగా రుద్దితే అక్షరములు తేలుతాయి.

కోడికాలి గుర్తు వంటి మూడు గీతల బాణము బ్రిటిషు ప్రభుత్వపు సొత్తుకు వేసే ముద్ర. దాని క్రింద ఇంగ్లీషు ‘ఐ’ అక్షరముంటే అది భారత ప్రభుత్వము తీసుకున్న సరుకు. ‘ఆర్.ఎఫ్.ఐ.’ అంటే బెంగాలులోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ. పిడి చివర గాడి, నొక్కే బొత్తాము, అడ్డుపట్టీకి ఉంగరము ఉంటే అది తుపాకి మొనకు తగిలించే బాయొనెట్టు. దానిమీద ‘1907’ అని ఉంటే ఆ సంవత్సరము చేసినదనుకుంటారు. కాదు, అది నమూనా పేరు. చేసిన నెల, సంవత్సరము వేరే అంకెలలో ఉంటాయి. ఆ నమూనాకు పిడి పోను కత్తి పొడవు 17 అంగుళములు. రెండవ యుద్ధకాలములో మన దేశములో దానిని 12 అంగుళములకు తగ్గించారు.

అడ్డుపట్టీ ఒక కొన కొక్కెమువలె వంగి ఉండి, ముద్రలు ఇంగ్లీషువి కాకపోతే అది జపాను బాయొనెట్టు కావచ్చు. అటువంటిది మీ ఇంట ఉంటే, దానిని మోసిన యువకునికి కూడా ఒక తల్లి ఉన్నదని మరువకండి. గొప్పకు చూపేముందు ఆ తల్లిని తలచుకొని ఒక్క క్షణము తల వంచండి.

మడిచే చాకు అయితే కథ వేరు. అందులో చాకుతోపాటు డబ్బా మూత తీసే కొక్కెము, దబ్బనము వంటి ముల్లు, త్రాడు కట్టుకొనే కడియము ఉంటాయి. ఆ ముల్లు మోకు ముడులు విప్పడానికి. అది సైనికుని పనిముట్టు.

అయితే కత్తి తన సంగతి చెబుతుందే గాని మనిషి సంగతి చెప్పదు. డిశ్చార్జి సర్టిఫికెట్టు, పెన్షను పుస్తకము, పతకములు వెదకండి. భారత సైనికులకిచ్చిన పతకములమీద తరచు పేరు, నంబరు చెక్కి ఉంటాయి. వాటితో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయములో అడగండి. మద్రాసు సాపర్లలో పనిచేసి ఉంటే వారి కేంద్రము బెంగుళూరులోని మద్రాసు ఇంజనీర్ గ్రూపు. మద్రాసు రెజిమెంటు అయితే నీలగిరులలోని వెల్లింగ్టన్.

మేమెరిగిన ఒక కుటుంబమువారు, తమ తాతగారు ఆ కత్తితో శత్రువులను చంపారని ఎన్నో ఏండ్లు చెప్పుకున్నారు. తీసి చూస్తే మడిచే చాకు. పెన్షను పుస్తకములో సాపరని ఉంది. పిల్లల ముఖములు చిన్నబోయాయి. అప్పుడు ఎనుబదేండ్ల వారి మేనత్తగారు, “నాయన ఎవరినీ చంపానని ఏనాడూ అనలేదురా. బర్మాలో ఏళ్ళకు వంతెనలు వేశామనేవాడు. ఈ చాకుతోనే మా అమ్మకు వక్కలు కోసిచ్చేవాడు” అన్నారు.

వంతెన వేయడము చిన్న పనియా? 1944 డిసెంబరులో బర్మాలోని కలేవా వద్ద చింద్విన్ నదిమీద 14వ సైన్యపు ఇంజనీర్లు 1,100 అడుగులు దాటిన వంతెన వేశారు. దానిమీదుగా సైన్యము, సామగ్రి ఆవలి ఒడ్డుకు చేరాయి. 1945 నాటికి భారత సైన్యములో సుమారు 25 లక్షలమంది ఉన్నారు. అందరూ తుపాకి పేల్చినవారు కారు. త్రోవలు వేసినవారు, మూటలు మోసినవారు, గాయపడినవారిని ఎత్తుకొచ్చినవారు, అన్నము వండినవారు ఎందరో. వారి మనుమలు సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

అబద్ధ సాక్ష్యమును గూర్చిన ఆజ్ఞ నిందకే గాక పొగడ్తకు కూడా వర్తిస్తుంది. చేయని హత్యను తాతగారి పేర వ్రాసి ఆయనను గొప్ప చేయలేము. ఖడ్గములు నాగటి నక్కులయ్యే దినమును యెషయా (2:4) చూచాడు. యుద్ధమునుండి వచ్చి, వక్కలు కోసి, ఇంట అణగి ఉన్న చాకు ఆ దినమునకు ఒక చిన్న గుర్తు కాదా?

ఒక హెచ్చరిక. బాయొనెట్లకు, పొడవైన బాకులకు 1959 ఆయుధాల చట్టము వర్తిస్తుంది. ప్రభుత్వము ప్రకటించిన ప్రాంతములలో లైసెన్సు ఉండాలి. తెలిసిన వకీలును అడగండి. పండుగలలో బయటికి తీయవద్దు, పిల్లలకు అందనీయవద్దు.

చివరగా, ఒక తెల్ల కాగితముమీద తాతగారి పేరు, నంబరు, దళము, వెళ్ళిన సంవత్సరము, వచ్చిన సంవత్సరము వ్రాయండి. కాగితములలో చూచినది ఒకవైపు, పెద్దలనుండి విన్నది మరొకవైపు, చెప్పినవారి పేరుతో సహా వ్రాయండి. కత్తితోపాటు భద్రపరచండి. మేనత్తలు, పెదనాన్నలు బ్రతికి ఉండగానే ఈ ఆదివారము ఆరాధన తరువాత వారి దగ్గర కూర్చోండి.

సత్యమునందు మన కుటుంబములను ప్రభువు స్థిరపరచును గాక. ఆమేన్.