ఆ తలుపు వేరే ఇంజనుది

కొవ్వూరు

చిరంజీవులకు,

గోదావరి స్టేషను ప్లాట్‌ఫారం చివర కెమెరాలు మెడలో వేసుకుని నిలబడే పిల్లలందరికీ ఆశీస్సులు. మొన్న మీలో ఇద్దరు ఫోన్లో పాత ఫొటో ఒకటి పెట్టుకుని గట్టిగానే కాట్లాడుకున్నారు. ఆ డీజిలు ఇంజనుకి అది అసలు రంగే కాదని ఒకడు, షెడ్డువాళ్లు కొత్త రంగు వేసి చూసుంటారని ఇంకొకడు. పెద్దాణ్ని, మధ్యలో దూరడం ఎందుకని ఊరుకున్నాను. ఇంటికొచ్చాక మాత్రం నిద్ర పట్టలేదు. నలభై ఏళ్లు సైన్‌బోర్డులు రాసిన చెయ్యి ఇది. రంగు మాటొస్తే దురద పెడుతుంది.

ఫొటో నేనూ తొంగి చూశాను. నీలం ఇంజను, మీగడ రంగు పట్టీ, నడుమ ఒక్క తలుపు మాత్రం ఎర్రది. నాయనా, దాన్ని ప్రయోగం అనుకోకండి. డబ్ల్యూడీఎం-2 రకం ఇంజను అది, దాని ఒళ్లంతా తలుపులే. లోపల పదహారు సిలిండర్ల ఆల్కో ఇంజను, 2600 గుర్రాల బలం. దాన్ని చూడాలంటే పక్క తలుపులు తియ్యాల్సిందే. తీసీ పెట్టీ ఒకటి వంగిందనుకోండి, షెడ్డులో పక్కన పడున్న ఇంజనుది తెచ్చి బిగిస్తారు. బండి వేళకి వెళ్లాలి గానీ రంగు కలిసిందా లేదా అని ఆగదు కదా. నా లెక్కలో ఆ తలుపు వేరే ఇంజనుది.

అసలు రంగు అన్న మాటే నాకు నచ్చదు. ఈ ఇంజన్లకి పుట్టిల్లు వారణాసి. అక్కడ తయారైన మొదటిది 1964లో బయటికొచ్చింది. మెట్టినిల్లు షెడ్డు: విజయవాడ, కాజీపేట, గుత్తి, విశాఖపట్నం. పుట్టింటి చీర మెట్టినింట్లో ఎన్నాళ్లు కడుతుంది? షెడ్డుకో రంగు, ఒక్కో షెడ్డులో ఏళ్లు మారేకొద్దీ రెండు మూడు రంగులు. పైగా పెద్ద మరమ్మతుకి ఇంజను తిరుచ్చి దగ్గర పొన్మలైకో, ఖరగ్‌పూర్‌కో వెళ్లేది. 3100 గుర్రాల బలానికి పెంచాలంటే పాటియాలా. వెళ్లిన చోట ఏ డబ్బా తెరిచారో, ఏ పాళ్లలో కలిపారో! పట్టీ నాలుగు వేళ్లు కిందికి దిగొచ్చు, మూల దగ్గర గుండ్రంగా తిరగాల్సింది కోసుగా తిరగొచ్చు. అది కావాలని చేసిన మార్పా, టేపు అంటించినవాడి చేతివాటమా అన్నది ఒక్క ఫొటో చూసి చెప్పలేం.

ఇక ఎండా మసీ. బోర్డు రాసేవాడికి తెలిసిన సంగతే, ఎనామిల్ రంగుల్లో ఎరుపు ముందు వెలిసిపోతుంది. రెండు వేసవులు మన ఎండలో నిలబడితే ఎరుపు కాస్తా ఇటుక పొడి అవుతుంది. ఆల్కో ఇంజను కదిలేటప్పుడు వదిలే నల్లటి పొగ మీరు చూడలేదు. ఒకోసారి గేటు దగ్గర మనిషికి మనిషి కనబడేవాడు కాదు. ఆ పొగ కింద తెల్ల రంగు వేసినవాడిది ధైర్యమో అమాయకత్వమో నాకు తేలలేదు. నీలం నయం, నూనె మరకని కడుపులో దాచుకుంటుంది. డీజిలు గుడ్డతో తుడిచేకొద్దీ మెరుపు చచ్చిపోయి అదే నీలం బూడిద నీలం అయ్యేది. ముఖమ్మీద పసుపూ నలుపూ చారలున్నాయే, వాటిని అందం కోసం వెయ్యలేదు. పట్టాల మీద పనిచేసేవాడికీ గేటు దాటేవాడికీ దూరం నుంచే కనబడాలని వేసినవి.

నేనూ మోసపోయాను. ఓ బట్టల కొట్టాయన గోష్పాద రేవులో నిలబడి, వంతెన మీద పోయే ఇంజనుని చూపించి, "నా బోర్డుకి అదిగో ఆ రంగు కావాలి" అన్నాడు. పొద్దు వాలే వేళ. నీలంలో ఎరుపు కలిపీ కలిపీ తెల్లారేసరికి బోర్డు దించాను. పగటెండలో అది వంకాయ రంగు! కూలిలో ఇరవై రూపాయలు కోశాడు. ఆ ఇంజనే మర్నాడు మధ్యాహ్నం నిడదవోలు జంక్షన్లో కనబడింది. నికార్సైన నీలం. నా కళ్లకి పూసింది గోదారి సాయంత్రం.

ప్రయోగమంటే ఎలా ఉంటుందో చెబుతాను. బ్రిటన్‌లో 1961 చివర్లో డి1000 అనే కొత్త డీజిలు ఇంజనుకి ఎడారి ఇసుక రంగు వేశారు. దాని చెల్లెలు డి1015కి బంగారు గోధుమ వన్నె. 1964లో ఒక రైలునంతా కొత్త నీలంతో అలంకరించి తిప్పి చూశారు. మరుసటేడు నీలమే దేశమంతటికీ ఖాయమయింది. ఏ నంబరుకి ఏ రంగో అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పగలరు. మన షెడ్లలోనూ ప్రయోగాలు జరిగే ఉంటాయి, మన పెయింటర్లు చవటలేం కాదు. రాసిపెట్టినవాడే లేడు.

ఇప్పుడు రాసుకుందామన్నా ఆ ఇంజన్లు తగ్గిపోయాయి. 1990లలో మన మెయిన్ లైను మీదికి కరెంటు తీగలొచ్చాక డీజిళ్లు భీమవరం, నరసాపురం వైపు సర్దుకున్నాయి. ఇప్పుడు అటూ తీగలొచ్చేశాయి. వారణాసి కార్ఖానా పేరులోంచే 2020లో డీజిలు మాట తీసేశారు. కోటిపల్లి లైను సంగతి చూడండి: 1928లో వేసి, యుద్ధం రోజుల్లో 1940లో పట్టాలు పీకేసి, మళ్లీ 2004లో రైలు నడిపారు. ఆ దారిలో తిరిగిన రైలుబస్సుకి ఏ రంగు ఎప్పుడు వేశారో మీలో ఒక్కరైనా రాసుకున్నారా?

ఫొటో కింద ఇంజను నంబరు, షెడ్డు పేరు, తేదీ, వేళ రాయండి. రెండు పక్కలా తియ్యండి. నా దగ్గర ఒక నోటు పుస్తకం ఉంది. నంబరు రాసి, పక్కన ఆ రంగు కలిపి చిన్న చుక్క పెట్టేవాణ్ని. ఒక పేజీలో ఎడమ పక్క ఆకుపచ్చ చుక్కుంది, కుడి పక్క ఖాళీ. ఆ రోజు ఇంజను అటు తిరగనే లేదు. మీ ఇళ్లలో ఎవరి పాత ఆల్బములోనైనా ఆ రెండో పక్క దొరికితే కొవ్వూరు రండి, పుస్తకం చూపిస్తాను. కుంచె తడిపే ఉంచుతాను.

మీ పెయింటరు తాతయ్య