చీటీ ఎర్రబడితే వారంటీ గల్లంతు
సెల్‌ఫోన్ తడిసిందన్న ఒక్క కారణంతో కొనుగోలుదారుకు చుక్కెదురు

పెదపాడు: ఎటు చూసినా చేపల చెరువులు, పంట కాలువలు, దిగువన కొల్లేరు. పెదపాడు మండలంలో తడి తగలకుండా సాగే పని అరుదు. మేత చల్లే కూలీ మొదలు నారుమడిలో దిగే రైతు వరకు అందరి జేబులోనూ సెల్‌ఫోన్ ఉంటోంది. అది మూగబోతే సర్వీసు సెంటరులో రసీదుతోపాటు పరిశీలించేది ఫోన్ లోపలున్న గోరంత చీటీని.

నీరు తగిలితే రంగు మారడమే దాని పని. యాపిల్ ఫోన్లలో సిమ్ ట్రే తీసి, ఆ గాడిలోకి టార్చి వేసి చూస్తే కనిపిస్తుంది. తెలుపు లేదా వెండి రంగులో ఉంటే క్షేమం, ఎర్రబడితే తడి చేరినట్టే. బ్యాటరీ ఊడదీసే పాత ఫోన్లలో బ్యాటరీ అరలోనే ఉండేది. గాలిలోని మామూలు తేమకు ఇది రంగు మారదన్నది తయారీదారుల మాట. సరే, నీరు తగిలిందనే అనుకుందాం. ఫోన్ చెడింది ఆ నీటివల్లా, మొదటినుంచీ ఉన్న లోపంవల్లా అన్నది మాత్రం చీటీ తేల్చలేదు. తగవంతా అక్కడే.

ప్రకటనల్లో ఫోన్లు నీటిలో మునిగి తేలుతుంటాయి. వారంటీ పత్రంలో మాత్రం ద్రవాలవల్ల కలిగే నష్టానికి చోటుండదు. ఐపీ67 గుర్తుకు అర్థం మీటరు లోతున 30 నిమిషాలు తట్టుకోవడం. ఆ పరీక్ష జరిగేది ప్రయోగశాలలో, మంచినీటిలో. రొయ్యల చెరువులోని ఉప్పునీటికి అది వర్తించదు. పైగా వాడకంలో ఆ రక్షణ తగ్గిపోతుంది. ఈ వైరుధ్యంపైనే ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ 2020లో యాపిల్‌కు కోటి యూరోల జరిమానా విధించింది. నీటి నిరోధకతపై తప్పుదోవ పట్టించే ప్రకటనలకుగాను 2022లో ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు శామ్‌సంగ్‌ను 1.4 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు చెల్లించమంది.

మన 2019 వినియోగదారుల రక్షణ చట్టం కూడా బలహీనమైనదేమీ కాదు. లోపం తేల్చేందుకు వస్తువును ప్రయోగశాలకు పంపే అధికారం జిల్లా కమిషన్‌కు ఉంది. రూ.5 లక్షల లోపు కొనుగోలుకు ఫిర్యాదు రుసుము లేదు. వివాదం తలెత్తిన రెండేళ్లలోగా ఏలూరులోని కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. అంతకుముందు 1915 నంబరుకు ఫోన్ చేసి చూడవచ్చు.

అయితే ఆధారం చేతిలో ఉండాలి. కొన్ననాడే దుకాణంలో చీటీ రంగు చూసుకోవాలి. మరమ్మతుకు ఇచ్చేముందు దాన్ని ఫొటో తీసుకోవాలి. వారంటీ వర్తించదంటే కారణాన్ని నోటిమాటగా కాక జాబ్‌షీటుపై రాయించుకోవాలి. తడిసిన ఫోన్‌ను బియ్యం డబ్బాలో పెట్టే అలవాటు మనకుంది. గింజల పొడి లోపలికి చేరుతుందని యాపిల్ వద్దంటోంది. ఆరేవరకు ఛార్జింగ్ కూడా పెట్టకూడదు.