డ్రోను మనది, లోపలి చిప్ ఎవరిది?

2025 ఫిబ్రవరిలో మన సైన్యం 400 డ్రోన్ల కొనుగోలు ఒప్పందాలను రద్దు చేసుకుంది. వాటి విలువ సుమారు 230 కోట్ల రూపాయలు. చైనా సరిహద్దులో సరుకులు చేరవేయాల్సిన ఆ డ్రోన్లలో చైనా విడిభాగాలే ఉన్నాయన్నది అప్పుడు వచ్చిన వార్తల సారాంశం. చిన్న చిన్న భాగాల కోసం ఇంత పెద్ద నిర్ణయమా అని కొందరికి అనిపించవచ్చు. మేము మాత్రం అది సరైన నిర్ణయమే అనుకుంటున్నాం. ఒప్పందం కుదరకముందే ఆ పరీక్ష జరగలేదన్నదే మా బాధ.

డ్రోను అంటే ఎగిరే కంప్యూటరు. కింద ఉన్న సైనికుడితో రేడియో సంకేతాల ద్వారా మాట్లాడుతుంది, ఉపగ్రహాలను బట్టి దారి తెలుసుకుంటుంది. శత్రువు ఆ సంకేతాలను అడ్డుకోవచ్చు, దొంగచాటుగా వినవచ్చు, దొంగ సంకేతం పంపి దారి తప్పించవచ్చు. చిప్‌లోనే రహస్య ఆదేశాలు దాగి ఉంటే బయటి నుంచి దాడి చేయాల్సిన పని కూడా లేదు.

ఇవి ఊహలు కావు. ఇరాక్‌లో తిరుగుబాటుదారులు 26 డాలర్ల సాఫ్ట్‌వేర్‌తో అమెరికా ప్రిడేటర్ డ్రోన్లు పంపే వీడియోను చూసేశారని 2009లో బయటపడింది. ఆ వీడియోకు సంకేత రక్షణే లేదు మరి. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్‌పై దండెత్తడానికి కాస్త ముందు ఒక ఉపగ్రహ ఇంటర్నెట్ వ్యవస్థపై సైబర్ దాడి జరిగి వేలాది మోడెములు పనికిరాకుండా పోయాయి. జర్మనీలో 5,800 గాలిమరలకు దూరం నుంచి పర్యవేక్షణ తెగిపోయింది. ఆ తర్వాత అదే యుద్ధంలో రేడియోను నమ్ముకోలేక సన్నని ఫైబర్ తీగతో నడిచే డ్రోన్లు వచ్చాయి.

ఈ విషయం మన ఇళ్లకు దూరమైనది కాదు. తమిళనాడు రక్షణ పారిశ్రామిక కారిడార్‌లోని ఐదు కేంద్రాల్లో తరతరాలుగా తెలుగువారున్న హోసూరు ఒకటి. బెంగళూరులో హెచ్‌ఏఎల్, బీఈఎల్ ఉన్నాయి. మన పిల్లలు ఈ రంగంలో పని చేస్తున్నారు, రేపు ఇంకా ఎక్కువ మంది చేరతారు.

అందుకే మేము కోరేది ఇదే. ప్రతి విడిభాగం ఎక్కడిదో కొనకముందే తేలాలి. ఆ పరీక్షల ఖర్చు చిన్న కంపెనీల నెత్తిన పడకుండా ప్రభుత్వ ప్రయోగశాలలు అందుబాటులోకి రావాలి. మన కాలేజీల్లో డ్రోను తయారీతో పాటు దాని భద్రతనూ నేర్పాలి.