చూడాల్సినవాళ్లు దేవతలు

ఎండిన సొరబుర్ర చిప్పలో తేనెమైనం పూసి, ఒక్కొక్క పూసా వేలితో అద్దుతారు. నడుమ జింక, మొక్కజొన్న కంకి, పెయోటే అనే కాక్టస్. మెక్సికోలోని పశ్చిమ సియెర్రా మాద్రే కొండల్లో ఉండే హుయిచోల్ ప్రజలకు, వాళ్లు తమకు పెట్టుకున్న పేరుతో చెప్పాలంటే విర్రారికాలకు, ఇది మొక్కుబడి. వానలు కురవాలని, బిడ్డకు జబ్బు నయం కావాలని వేడుకుని ఏ గుహలోనో, నీటి ఊట దగ్గరో ఉంచి వచ్చేస్తారు. చూడాల్సినవాళ్లు దేవతలు. మనుషుల మెప్పుతో దానికి పనిలేదు.

జింక, మొక్కజొన్న, పెయోటే వాళ్ల నమ్మకంలో ఒకే కుటుంబం. జింక అడుగు పడ్డచోట పెయోటే మొలిచిందంటారు. అందుకే సాన్ లూయిస్ పోతోసీ ఎడారిలోని విరికుతాకు యాత్ర వెళ్లినవాళ్లు మొదట కనబడ్డ పెయోటే మీద బాణం వేస్తారు, వేటలో జింకను కొట్టినట్టే. బొమ్మలో జింక కొమ్ముల్లోంచి కంకి పుట్టుకొస్తే మనం ‘ఎంత ఊహ!’ అని మురిసిపోతాం. గీసినవాడికది చుట్టరికం.

గోడకు తగిలించే ఊలు చిత్రాలు మాత్రం కొత్తవి. చిన్న మొక్కుబడి పలకలే 1950ల తర్వాత, పట్నం కొనుగోలుదార్లు దొరికాక, పెద్ద పలకలయ్యాయి. రామోన్ మెదీనా సిల్వా వంటి విర్రారికా కళాకారులు వాటిమీద పురాణగాథలనే పరిచారు. అంగడికెక్కింది గనుక భక్తి ఆవిరైందనే పెద్దమనుషులకు కొదవలేదు. మాకది తొందరపాటు తీర్పు అనిపిస్తుంది. సొమ్ముకు చేసినా బొమ్మలో ఉన్నది ఆ జింకే. 2010లో ఒక ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారుకు 20 లక్షలకు పైగా పూసలు అంటించినప్పుడు కూడా పాత దేవతలే దానిమీదికెక్కారు. (అయితే ఆ కారును గుహలో వదిలి రావడం కష్టమే.)

మా అభ్యంతరం మరోచోట ఉంది. 1997లో పారిస్ మెట్రోలోని పాలే రాయాల్ స్టేషన్‌కు విర్రారికా కళాకారుడు సాంతోస్ దె లా తోర్రె కూర్చిన పూసల కుడ్యచిత్రం చేరింది. ఆవిష్కరణకు ఆయనను పిలవలేదని నికోలాస్ ఎచెవర్రియా తీసిన డాక్యుమెంటరీ చెబుతుంది. బొమ్మ కావాలి, చేసిన మనిషి అక్కర్లేదు. నేల విషయంలోనూ ఇదే వరస. బొమ్మల్లో కనిపించే విరికుతా అడుగున వెండి ఉంది. అక్కడ తవ్వుకోవడానికి ఒక కెనడా కంపెనీకి అనుమతులు దక్కాయి. విర్రారికాలు పోరాడితే 2012లో కోర్టు తాత్కాలికంగా ఆపింది. 2025 జులైలో యునెస్కో ఆ యాత్రామార్గాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. విర్రారికాలు అడిగింది ఇంకొకటి: అనుమతులను ఆపడం చాలదు, పూర్తిగా రద్దు చేయాలి.