సత్యం పేరిట జరిగిన పెళ్లి

1948 మార్చిలో సేవాగ్రాం ఆశ్రమంలో ఒక పెళ్లి జరిగింది. వధువు మనోరమ, నాస్తికుడు గోరా పెద్ద కూతురు. వరుడు అర్జునరావు, దళితుడు. తన సమక్షంలో ఆ పెళ్లి జరిపిస్తానన్న గాంధీ అప్పటికి లేరు. జనవరి 30నే ఆయన్ని చంపేశారు. కానీ అంతకుముందే ఒక సంగతి ఒప్పుకున్నారు: ప్రమాణంలో దేవుడి పేరు వచ్చేచోట సత్యం పేరు చెప్పవచ్చని. నిత్యం ప్రార్థన చేసే మనిషి దేవుణ్ణి నమ్మని ఇంటి పిల్ల కోసం ఆ మాత్రం సర్దుకోవడం మామూలు సంగతి కాదు.

పాపభీతి లేకపోతే మనిషి పాడైపోతాడని మన ఇళ్లలో ఇప్పటికీ అంటారు. గోరా కుటుంబం ఆ మాటకు జవాబు. నాస్తికుడన్న కారణంతో 1933లో కాకినాడ కాలేజీలో ఆయన ఉద్యోగం పోయింది. తర్వాత మచిలీపట్నంలోనూ అదే కథ. 1940లో భార్య సరస్వతితో, పిల్లలతో కృష్ణా జిల్లా ముదునూరు చేరి నాస్తిక కేంద్రం పెట్టారు. కులాలు కలిసి కూర్చునే భోజనాలు, అంటరానితనంపై పోరాటం, జైలు. దీనికి బదులుగా స్వర్గం దొరుకుతుందని ఆ ఇంట్లో ఎవరూ అనుకోలేదు.

భక్తుల్లో త్యాగం లేదా? లేకేం. గోదావరి లంకల్లో దారిన పోయేవాళ్లకు వేళ కాని వేళ వండి వడ్డించిన డొక్కా సీతమ్మ భక్తురాలే. ఆ చేతి అన్నాన్ని తక్కువ చేసి మాట్లాడే హేతువాదం మనకు అక్కర్లేదు.

చిక్కు భక్తుడి మనసులో లేదు, మతం బాధకు చెప్పే కారణంలో ఉంది. ఆకలైనవాడికి అన్నం పెట్టమన్న మతమే, వాడి ఆకలి పూర్వజన్మ ఫలమని కూడా చెప్పింది. జోగిని ఆచారం చూడండి. నిజామాబాద్ ప్రాంతంలో దళితుల ఆడపిల్లల్ని దేవతకు అంకితం చేసి, ఆ తర్వాత ఊరి మగవాళ్లకు వదిలేసేవారు. కన్నవాళ్లు కసాయివాళ్లు కారు. ఇవ్వకపోతే దేవత ఆగ్రహిస్తుందని వణికినవాళ్లు. మంచివాళ్ల చేత ఇంత ఘోరం చేయించగలిగింది నమ్మకమే. ఈ ఆచారాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చింది. ఆ స్త్రీల మధ్య పనిచేసి, వాళ్లను మామూలు బతుకులోకి తెచ్చేందుకు పాటుపడిన హేమలత కవి జాషువా కూతురు, గోరా కోడలు. ఆ బాధకు దైవనిర్ణయమన్న సాకు ఆమె దగ్గర లేదు. మనుషులు చేసింది మనుషులే మాన్పాలి. నాస్తికత నీతికి ఇచ్చే అసలు బలం ఇదేనని నేను నమ్ముతాను.

అలాగని దేవుణ్ణి వదిలిన ప్రతివాడూ ఉత్తముడైపోడు. గుడికి వెళ్లడం మానేసి, కూతురికి సంబంధం చూసేటప్పుడు మాత్రం కులం దాటనివాళ్లు మన మధ్య ఎందరో. గోరా ఆ గీత సొంత ఇంట్లోనే దాటారు కాబట్టి ఆయన మాటకు విలువ.

హేమలత భర్త, గోరా కొడుకు లవణం ఏం చేశారో కూడా చెప్పుకోవాలి. భూదాన యాత్రలో వినోబా వెంట ఊరూరా నడిచి, ఆయన ప్రసంగాల్ని తెలుగులో వినిపించారు. వినోబా దైవభక్తుడు, లవణం నాస్తికుడు. ఇద్దరూ కలిసి అడిగింది మాత్రం భూమిలేనివాళ్ల కోసం కాస్త నేల.