లేని వాసన, ఉన్న బాధ

తన ఒంటినుంచి దుర్వాసన వస్తోందని కుమిలిపోతూ, రోజుకు నాలుగుసార్లు స్నానంచేసి, చివరి బెంచీలో ఒంటరిగా కూర్చునేవాళ్ళుంటారు. పక్కవాడు ముక్కు తుడుచుకున్నా తమ వల్లేననుకుంటారు. తీరాచూస్తే ఇతరులకు తెలిసేంత వాసనే ఉండదు! 1971లో ప్రైస్-ఫిలిప్స్ అనే వైద్యుడు దీన్నొక ప్రత్యేక రుగ్మతగా వర్ణించాడు. 2022లో అమల్లోకొచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టికలోనూ దీనికి చోటుంది.

"ఏ వాసనా లేదు, ఊరుకోరా" అంటే తగ్గుతుందా? తగ్గదు. మొహమాటానికి అంటున్నామనుకుంటాడు. సబ్బులూ సెంట్లూ అంతే. వేరుకు తెగులు పట్టిన పైరుకు ఆకులమీద మందు చల్లితే ఏం లాభమో రైతుబిడ్డలకు తెలుసు.

మానసిక చికిత్స చేసేవారు ఆ నమ్మకంతో వాదనకు దిగరు. దాన్ని పరీక్షకు పెడతారు. అదనపు స్నానాలు తగ్గించి, సెంటు మాన్పించి, మెల్లమెల్లగా నలుగురిలో కూర్చోబెట్టి, జనం నిజంగా ఏం చేస్తారో చూడమంటారు. మన లేబొరేటరీలో చేసేదీ ఇదేగా! అవసరమైతే డాక్టరు మందులూ ఇస్తారు.

మిత్రులారా! పల్లెనుంచి వచ్చినవాణ్ణి "పేడకంపు" అని ఏడిపించడం మనకు వేళాకోళమే. కానీ ఇప్పటికే కుమిలిపోతున్నవాడికి అది సాక్ష్యమవుతుంది. అది మానేద్దాం. టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా దొరుకుతుంది. ఆ నెంబరును ప్రతి హాస్టల్ నోటీసుబోర్డులో యూనియన్ రాయించాలి.