ఆవాజ్ సాఫ్‌గా రావడం కూడా మన హఖ్



మా చందూర్ వైపు చాలా ఖాందాన్లలో ఒక్కరైనా గల్ఫ్‌లో ఉంటారు. ఇక్కడున్న అమ్మీ, అబ్బాల పనులు ఫోన్ మీదే నడుస్తాయి: బోధన్‌లో డాక్టర్ అపాయింట్‌మెంట్, నిజామాబాద్‌లో టెస్టు రిపోర్టు, ట్రావెల్స్‌లో టికెట్. అవతలి టేబుళ్ల మీదికి ఇప్పుడు ఇంటర్నెట్ వైరుతో నడిచే ఫోన్లు వస్తున్నాయి. ఫోన్ నయాదే, ఆవాజ్ మాత్రం పురానాదే. నా రాయ్‌లో ఇది మజ్బూరీ కాదు, లాపర్వాహీ.

మామూలు టెలిఫోన్ 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకున్న ఆవాజ్‌నే మోస్తుంది. ‘స’కూ ‘ఫ’కూ ఉన్న తేడా చాలావరకు అంతకన్నా పైన ఉంటుంది. మా ఖాలా పేరు సారా అని ఫోన్లో చెబితే ఒక క్లినిక్‌లో ఫరా అని రాసుకున్నారు. చిట్టీ మీద ఒక పేరు, ఆధార్ మీద ఇంకో పేరు. పొద్దంతా కౌంటర్ల చుట్టూ తిరిగాం. పేరైతే దిద్దుకోవచ్చు, మందు పేరు తప్పు వినబడితే?

ఇంటర్నెట్ ఫోన్లో ఆవాజ్‌ను అంకెల్లోకి మార్చే పద్ధతిని కోడెక్ అంటారు. జీ.711 పాత టెలిఫోన్ కొలతే. జీ.729 దాన్ని సెకనుకు 8 కిలోబిట్లకు పిండేస్తుంది. 1988లో వచ్చిన జీ.722 మాత్రం 50 నుంచి 7,000 హెర్ట్జ్ దాకా మోస్తుంది. మజా ఏమిటంటే, జీ.711కైనా జీ.722కైనా పట్టేది అదే 64 కిలోబిట్లు. పిల్లలు వీడియోలు చూసే లైన్‌కు ఇదొక లెక్కా? ఆఫీసు ఫోన్లలో చాలావాటికి ఈ సహూలత్ ముందే ఉంటుంది. సెట్టింగుల్లో దాన్ని మొదటి వరుసలో పెట్టేవాళ్లే లేరు.

‘బయటి నుంచి వచ్చే కాల్‌కు దీనితో ఫాయిదా ఏంది?’ అని కొందరు అడుగుతారు. సవాల్ సహీ. రెండు ఫోన్లూ, మధ్యలో కంపెనీ లైనూ ఒప్పుకుంటేనే జీ.722 నడుస్తుంది, లేకుంటే పాత కొలతకే దిగుతుంది. కానీ రిసెప్షన్ నుంచి డాక్టర్ గదికి, దుకాణం నుంచి గోదాముకు చేసే లోపలి కాల్స్‌కు ఆ అడ్డు లేదు. మిగతా సెట్టింగులు అన్ని కాల్స్‌కూ పనికొస్తాయి.

మొదటిది, ఖామోషీ సెట్టింగ్. మనిషి మాట్లాడనప్పుడు ఆవాజ్ పంపడం ఆపేస్తుంది. మెల్లగా మాట్లాడే బుజుర్గుల మాటల మొదళ్లు ఇందులో తెగిపోతాయి. లైన్ బాగుంటే దీన్ని బంద్ చేయడమే బెహతర్. రెండోది, గూంజ్‌ను ఆపే ఎకో క్యాన్సిలేషన్. ఇది ఆన్‌లోనే ఉండాలి. స్పీకర్ వాల్యూమ్ మరీ పెంచితే దీని వల్ల కూడా కాదు. మూడోది, ముందూవెనకా వచ్చే ప్యాకెట్లను సర్దే జిట్టర్ బఫర్. చిన్నగా పెడితే మాట తెగుతుంది, పెద్దగా పెడితే ఆలస్యమై ఇద్దరూ ఒకేసారి మాట్లాడతారు. అడాప్టివ్ అని పెడితే లైన్‌ను బట్టి అదే సర్దుకుంటుంది. నాలుగోది, రౌటర్‌లో అన్నిటికన్నా ముందు ఆవాజ్‌కు దారి ఇవ్వడం.

దుకాణాలు, క్లినిక్‌లు, మదర్సాలు నడిపే భాయీలకు నా గుజారిష్ ఇదే: ఫోన్ బిగించడానికి వచ్చినవాణ్ణి ఈ సంగతులన్నీ అడిగి చేయించుకోండి. దీనికి కొత్త ఫోన్ కొనే జరూరత్ చాలాచోట్ల ఉండదు. ఇళ్లలో ఉన్నవాళ్లకు ఒక సలహా: పేరో తేదీయో చెప్పాక ‘మళ్లీ చదివి వినిపించండి’ అనండి, అందులో షరమ్ లేదు. అమ్మీ ఫోన్లో గట్టిగా అరవాల్సి వస్తోందంటే, ఆమె చెవుల్లో ఐబ్ ఉందనుకునే ముందు అవతలి టేబుల్ మీది ఫోన్‌ను ఒకసారి చూడమని అడగండి.